అంబలికి ఎన్ని మార్కులు?

పల్నాడు ఎండల గురించి ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. వేసవిలో ఎక్కువ ఎండ కాసిన ఊళ్ల పేర్లు పేపర్లో వేశారంటే అందులో మా రెంటచింతల పేరు ఉండి తీరాల్సిందే! ఏప్రిల్ దాటిందంటే పొద్దున పదింటికే వీధిలో మనిషి కనపడడు. ఆ రోజుల్లో మా నరసరావుపేట ఇంట్లో కాఫీ గిన్నె దిగగానే పొయ్యి మీదకెక్కేది అంబలి గిన్నే. పొలానికి వెళ్లేవారికైనా, బడి సెలవులకు ఇంట్లో గంతులేసే పిల్లలకైనా అదే చలవ, అదే బలం.

పోయిన వేసవిలో మా అక్క కొడుకు హైదరాబాదు నుంచి వచ్చాడు. కంప్యూటరు ఉద్యోగం. చల్లారిన అంబలి గ్లాసు చేతికిస్తే వెంటనే తాగకుండా వెలుతురుకు ఎత్తి పట్టుకు చూశాడు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆ తర్వాత కొంచెం నోట్లో పోసుకుని పుక్కిలించినట్లు చేసి మింగాడు.

"ఏంట్రా ఆ వేషాలు? ఈగ గానీ పడిందా?" అన్నాను కంగారుగా.

"లేదు పిన్నీ, మార్కులు వేస్తున్నా" అన్నాడు.

తీరా అడిగితే చెప్పాడు. బీరు అక్కడికక్కడే కాచి పోసే హోటళ్లు హైదరాబాదులో చాలానే వచ్చాయట. ఆఫీసు స్నేహితులతో ఓసారి అలాంటి చోటికి వెళితే, చిన్న చిన్న గ్లాసుల్లో నాలుగైదు రకాలు పోసి, దేనికెన్ని మార్కులో వేయమని ఓ కాగితం ఇచ్చారట. అందులో తేనెరంగులో ఉన్న 'అంబర్ ఏల్' అనే దానికి వీడు అందరికంటే ఎక్కువ మార్కులు వేశాడట. "మీ అమ్మకు తెలుసా ఈ సంగతి?" అని నిలదీస్తే, "రెండు గుక్కలే పిన్నీ" అని గొణిగాడు.

చీవాట్లు పెట్టాల్సినన్ని పెట్టాననుకోండి. కానీ పాత క్యాలెండర్ కాగితం వెనుక వాడు గీసి చూపించిన ఆ మార్కుల పట్టిక చూశాక నాకు ఆశ్చర్యం వేసింది. రూపు, వాసన, రుచి, నోటికి తగిలే తీరు, చివరికి మొత్తం మీద ఎలా ఉంది... ఇవే కదా మా అత్తగారు కాగితం, కలం లేకుండా రోజూ పొద్దున్నే అంబలి కుండ దగ్గర చూసింది! వాళ్లు సరదాకు నేర్చుకున్న విద్య మన వంటింట్లో ప్రాణావసరం. అది ఎందుకో నాకు బాగా తెలుసు. ఆ సంగతికి కాసేపట్లో వస్తాను.

గింజ ఒకటే, దారులు రెండు

ముందు ఆ బీరు సంగతేమిటో చూద్దాం. తయారీ వింటే మన వంటిల్లే గుర్తొస్తుంది. బార్లీ గింజల్ని నానబోస్తారు. నీళ్లు వంచి మొలకెత్తనిస్తారు. ఆరబెట్టి వేడి చేస్తారు. అదే 'మాల్టు'. మనం పిల్లలకు కాచే రాగి మాల్టులోని మాల్టు కూడా ఇదే. మొలకెత్తేటప్పుడు గింజలో ఒక రకం ఎంజైములు పుట్టి పిండిని చక్కెరగా మారుస్తాయి. అంబర్ ఏల్‌కు వాడే మాల్టులో కొంత భాగాన్ని తడి మీదే వేడి చేసి, లోపలి చక్కెర పాకంలా మారేదాకా వేయిస్తారు. ఆ తేనెరంగు, కొంచెం మాడిన పంచదార వాసన అక్కడి నుంచి వచ్చేవే. తర్వాత నలగ్గొట్టి వేడి నీళ్లలో గంటసేపు నానేసి, వడగట్టి, హాప్స్ అనే తీగ పువ్వులు వేసి మరిగిస్తారు. చేదు ఆ పువ్వులది. చల్లారాక ఈస్టు కలిపి కొన్ని రోజులు ఉంచుతారు. ఈస్టు ఆ చక్కెరను తిని ఆల్కహాలు చేస్తుంది. ఈ రకం బీరులో అది 4.5 నుంచి 6 శాతం దాకా ఉంటుంది.

మన అంబలి మొదలయ్యేదీ గింజతోనే, పులిసేదీ గాలిలో, పిండిలో ఉండే సూక్ష్మజీవులతోనే. కాకపోతే ఒక్క రాత్రిలో మన కుండలో పెద్దరికం చేసేది పాలను తోడు పెట్టే జాతి బాక్టీరియా. అది ఆల్కహాలు చేయదు, పులుపు చేస్తుంది. ఆ పులుపే అంబలికి రుచి, కాపలా కూడా. పులుపు పెరిగిన చోట చెడు క్రిములు చాలావరకు బతకలేవు. ఒకే రకం గింజ, ఒకే రకం నానబెట్టడం! ఒక దారి మత్తుకు, ఒక దారి సత్తువకు.

మత్తు దారి ఎక్కడికి తీసుకెళుతుందో ఆంధ్ర ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం ఊరూరా పాకింది. 1993లో రాష్ట్రమంతా సారా ఆగింది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో పోయింది. కాబట్టి మా వాడి బీరు సంగతి ఇంతటితో చాలు. వాడి పట్టిక మాత్రం మనం తీసుకుందాం.

జొన్నల సీమ

పల్నాడుకు జొన్న కొత్తది కాదు. పదిహేనో శతాబ్దంలో శ్రీనాథ మహాకవి ఈ సీమకు వచ్చి, సన్నన్నం దొరక్క, ఎక్కడ చూసినా జొన్నకూడే కనపడి విసిగిపోయాడని ఆయన పేరున చెప్పుకునే చాటుపద్యాలు చెబుతాయి. రాచమర్యాదలు మరిగిన నాలుకకు జొన్నన్నం దిగలేదు పాపం! కానీ బ్రహ్మనాయుడు కులం చూడకుండా అందర్నీ ఒకే పంక్తిన కూర్చోబెట్టిన చాపకూడు పుట్టిందీ ఈ గడ్డ మీదే. కారంపూడిలో వీరుల ఉత్సవాల్లో ఇప్పటికీ ఆ చాపకూడు జరుగుతుంది.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ కింద వరి వచ్చింది, మెట్టన మిరప, పత్తి పెరిగాయి. ఇళ్లలోకి బియ్యం వచ్చేసరికి జొన్న, సజ్జ, వరిగ వెనక్కి వెళ్లాయి. 'అంబలి తాగే ఇల్లు' అంటే బీదిల్లని చిన్నచూపు కూడా వచ్చింది. మళ్లీ కాలం తిరిగింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఇప్పుడు షుగరు ఉన్నవారు, లేనివారు అందరూ జొన్నలు, రాగులు అంటున్నారు. మంచిదే. చిక్కల్లా ఒక్కటే. గింజ తిరిగి వచ్చింది గానీ, కుండ దగ్గర నిలబడి 'ఇది బాగుంది, ఇది బాగా లేదు' అని చెప్పే అత్తగార్లు అందరి ఇళ్లలో లేరు. పేపర్లో చూసి పిండి కలిపేవారే ఎక్కువ. ఒకప్పుడు నేనూ అలాంటిదాన్నే.

నా వల్ల జరిగిన పొరపాటు

ఆరేళ్ల కిందటి మాట. గురజాల దగ్గర మాకు రెండెకరాల మిరప చేను ఉంది. మార్చి నెలాఖరు, కాయ కోతలు. పన్నెండు మంది ఆడకూలీలు. వాళ్లకు మధ్యాహ్నం అంబలి పంపడం మా అత్తగారి నాటి ఆనవాయితీ. అప్పటికి ఆవిడ పోయి ఏడాదైంది. కుండ బాధ్యత నా మీద పడింది.

ముందు రోజు అంబలి సగం కుండ మిగిలిపోయింది. పారబోయడానికి మనసొప్పలేదు. గింజ పారేస్తే పాపం అని పెరిగినవాళ్లం కదా! పొద్దున కాచిన కొత్త అంబలి గోరువెచ్చగా ఉండగానే అందులో ఈ పాతది కుమ్మరించేశాను. ఇంత మజ్జిగ పోసి, ప్లాస్టిక్ క్యాన్‌లో నింపి, మూత గట్టిగా బిగించి ఆటోలో పంపాను. క్యాను చేను గట్టున ఎండలోనే ఉండిపోయింది.

ఒంటిగంటకు నేనూ వెళ్లాను. మూత తిప్పగానే బుస్సుమంది. 'బాగా పులిసినట్టుంది, ఇంకా రుచి' అనుకున్నాను. ముంతల్లో పోయడం మొదలుపెట్టాను. వాళ్లలో అందరికంటే పెద్దామె ఉంది, మా అత్తగారి కాలం నుంచి మా చేలోకి వస్తున్న మనిషి. ముంత ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే ఆగిపోయింది.

"అమ్మా, ఇది పులవలేదు, చెడింది. ఏమే, తాగమాకండే ఎవరూ!" అంది గట్టిగా.

నిజం చెప్పొద్దూ, నాకు తల కొట్టేసినట్టయింది. పొద్దున్నే లేచి అంత మందికి కాచి తెచ్చింది నేను, పది మందిలో పేరు పెట్టింది ఆమె. "పొద్దున కాచిందే పెద్దమ్మా, పులుపెక్కువైందంతే" అన్నాను ముఖం మాడ్చుకుని. ఆమె మారు మాట్లాడకుండా తన ముంత మాత్రం మట్టిలో పారబోసింది. మిగిలినవాళ్లూ ఆగిపోయారు. కానీ అప్పటికే ముగ్గురు గటగటా తాగేశారు.

సాయంత్రానికి ఇద్దరికి వాంతులు, విరేచనాలు. ఒకామె చంటిబిడ్డ తల్లి. రాత్రికి ఆమెకు సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. డాక్టరు ఖర్చు, కూలి పోయిన రోజుల డబ్బు మేమే ఇచ్చాం. డబ్బుతో పోయేదా అది? ఆ ఎండల్లో ఒంట్లో నీరు పోతే ఏమవుతుందో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడే. పెద్దామె ముక్కు లేకపోతే ఆ రోజు పన్నెండు మందీ పడిపోయేవారు.

మూడో రోజు ఆమె ఇంటికే వెళ్లి అడిగాను, "ఎట్టా కనిపెట్టావు పెద్దమ్మా?" అని. ఆమె నవ్వి, "మీ అత్తగారుంటే నీకూ తెలిసేదమ్మా" అంది. తర్వాత నేర్పింది. ఆమె చెప్పినవీ, మా వాడి పట్టికలోవీ కలిపి మీకు చెబుతున్నాను.

యాభై మార్కుల పరీక్ష

అమెరికాలో బీరుకు న్యాయనిర్ణేతల్ని తయారుచేసే సంస్థ ఒకటి 1985లో మొదలైంది. వాళ్ల పత్రంలో మొత్తం 50 మార్కులు. రూపుకు 3, వాసనకు 12, రుచికి 20, నోటికి తగిలే తీరుకు 5, మొత్తం మీద 10. అందానికి మూడే మార్కులు, వాసనకు పన్నెండు! పెద్దామె ముందు ముక్కుకే ఎందుకు పని చెప్పిందో చూశారా?

రూపు (3 మార్కులు): రాగి అంబలి ఎర్రమట్టి రంగులో, జొన్న అంబలి తెలుపు మీద కొంచెం పసుపు ఛాయలో ఉండాలి. పిండి అడుక్కు దిగి పైన నీరు తేరడం తప్పు కాదు, గరిటెతో కలిపితే కలిసిపోతుంది. చిన్న చిన్న బుడగలూ తప్పు కాదు. పైన నల్లగా, పచ్చగా, గులాబీ రంగులో మచ్చలున్నా, బూజు పట్టినా ఇక మార్కుల మాటే లేదు. పైపైన తీసేసి వాడుకుందాం అనుకోవద్దు. కుండ మొత్తం పారబోయాల్సిందే. గరిటెతో ఎత్తి పోస్తే జిగురుగా తీగ సాగినా అంతే.

వాసన (12 మార్కులు): మూత తీసిన వెంటనే చూడాలి, ఆలస్యమైతే అసలు వాసన ఎగిరిపోతుంది. మంచి పులుపు వాసన చూస్తే బుగ్గల లోపల నీరూరుతుంది. అది పెరుగు, నిమ్మకాయ, దోసెల పిండి తరహాలో ఉంటుంది. వెనకాలే వేయించిన గింజ కమ్మదనం తెలియాలి. చెడ్డ పులుపు గొంతులో పట్టుకుంటుంది. కుళ్లు వాసన, మురుగు వాసన, సబ్బు వాసన వస్తే నాలుక మీద పెట్టకుండానే పారబోయాలి. కల్లు వాసన వచ్చి బాగా నురగ కడితే ఈస్టు పెత్తనం ఎక్కువైందని గుర్తు. అదీ పిల్లలకు పనికిరాదు. ఓ తమాషా చెప్పనా? వెన్న వాసన వస్తే చాలావరకు బీర్లలో అది తప్పుకింద కట్టి మార్కులు కోస్తారట. మన అంబలిలో మంచి మజ్జిగ పోసినప్పుడు వచ్చేదీ ఆ వాసనే. మనం దానికి మార్కులు కలుపుతాం!

రుచి (20 మార్కులు): మొదటి రెండు పరీక్షలూ నెగ్గితేనే ఇది. ముందు పులుపు, ఆ తర్వాత ఉప్పు, చివర గింజలోని సన్నటి తీపి తెలియాలి. పులుపొక్కటే తెలిస్తే ఎక్కువసేపు పులిసినట్టు. పులుపే లేకపోతే అది జావ, అంబలి కాదు. చివర చేదు తగిలితే పిండి పాతదని అర్థం. సజ్జపిండి అయితే మరీ తొందరగా చేదెక్కుతుంది. అందుకే నెలల తరబడి నిలవ పెట్టకుండా కొంచెం కొంచెం ఆడించుకోవాలి.

నోటికి తగిలే తీరు (5 మార్కులు): ఉండలుండకూడదు. నాలుక మీద ఇసకలా తగిలితే పిండి ఉడకలేదు. గ్లాసులో పోస్తే ధారగా పడాలి, గ్లాసు వంచితే అడుగున పల్చటి పూత మిగలాలి.

మొత్తం మీద (10 మార్కులు): రెండో గ్లాసు అడిగారా లేదా? తాగిన గంటకు కడుపు తేలిగ్గా ఉందా, ఉబ్బరంగా ఉందా? ఈ పది మార్కులు వేయాల్సింది మనం కాదు, తాగినవాళ్లు.

పరీక్ష చేసే ముందు కొన్ని నియమాలున్నాయి. ఆవకాయ తిన్న నోటితో, పౌడరు, అత్తరు వాసన వేసే చేతులతో చూడకూడదు. మంచినీళ్లతో నోరు పుక్కిలించుకోవాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే చూస్తే చల్లదనంలో వాసన, రుచి రెండూ అణగిపోతాయి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర వేయకముందే చూడాలి, వేశాక తప్పులన్నీ వాటి చాటున దాక్కుంటాయి.

చేసే పద్ధతి

ఆరుగురికి సరిపడా జొన్న అంబలికి కావలసినవి: జొన్నపిండి ఒక గ్లాసు, పిండి కలపడానికి నీళ్లు గ్లాసున్నర, ఎసరుకు నీళ్లు ఐదు గ్లాసులు, పల్చటి మజ్జిగ రెండు గ్లాసులు, ఉప్పు తగినంత, సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయ ఒకటి.

రాత్రి పిండిని గ్లాసున్నర నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, మట్టి కుండలోగానీ స్టీలు గిన్నెలోగానీ పోసి మూత పెట్టాలి. మూత బిగించనక్కర్లేదు. మా ఎండాకాలంలో ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు, చలికాలంలో పన్నెండు గంటలైనా పడుతుంది. మొదటిసారి చేసేవారు తోడుకు ఒక చెంచా తాజా మజ్జిగ వేసుకోవచ్చు. పొద్దున ఎసరు తెర్లాక, పులిసిన పిండిని ధారగా పోస్తూ తెడ్డుతో కలుపుతూ సన్నని సెగ మీద పది పన్నెండు నిమిషాలు ఉడికించాలి. పచ్చి వాసన పోయి, తెడ్డుకు పూత పట్టాక దించాలి. పూర్తిగా చల్లారాకే మజ్జిగ, ఉప్పు కలపాలి. వేడి మీద పోస్తే మజ్జిగ విరిగిపోతుంది. ఉల్లిపాయ తాగేటప్పుడే వేసుకోవాలి. పక్కన నంజుకోవడానికి చల్లమిరపకాయ గానీ గోంగూర పచ్చడి గానీ ఉంటే ఇక చెప్పేదేముంది!

కొన్ని ఇళ్లలో ముందు కాచి, చల్లార్చి, రాత్రంతా పులవనిచ్చి పొద్దున మజ్జిగ కలుపుతారు. రుచిలో అది ఇంకో మెట్టు పైన ఉంటుంది. కానీ పులిసిన తర్వాత మళ్లీ పొయ్యి ఎక్కదు కాబట్టి కుండ, తెడ్డు, చేతులు, నీళ్లు అన్నీ రెట్టింపు శుభ్రంగా ఉండాలి. కొత్తగా మొదలుపెట్టేవారు ముందు పులియబెట్టి తర్వాత కాచే పద్ధతే ఎంచుకోండి.

రాగి పిండితోనూ ఇలాగే చేసుకోవచ్చు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యంలో అది పది మిల్లీగ్రాములకు అటూ ఇటూ మాత్రమే. మొలకెత్తించడం, పులియబెట్టడం వల్ల గింజలో కాల్షియాన్ని, ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గి అవి ఒంటికి బాగా పడతాయి. రాగుల్ని రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకలు వచ్చాక ఆరబెట్టి, దోరగా వేయించి, మొలకల్ని నులిమి చెరిగేసి పిండి ఆడించుకుంటే మంచి రంగు, కమ్మటి వాసన వస్తాయి. మా వాడి తేనెరంగు బీరుకు అంత పేరు తెచ్చిన కిటుకూ ఇదే!

జొన్నల్ని మాత్రం ఇలా మొలకెత్తించవద్దు. జొన్న మొలకలో విషపదార్థం పుడుతుంది. కోసిన జొన్న మోళ్ల నుంచి వచ్చే నాము మేస్తే పశువులు చచ్చిపోతాయని పల్నాడు రైతులందరికీ తెలుసు. అదే గుణం మొలకలోనూ ఉంటుంది. జొన్నకు పిండి పులియబెట్టడం చాలు.

ముక్కుకు అందనివి

ఎంత గొప్ప ముక్కైనా కనిపెట్టలేనివి కొన్ని ఉన్నాయి. చేతికి చీము పట్టిన పుండుంటే దాని నుంచి వచ్చే క్రిములు ఆహారంలో విషం తయారుచేస్తాయి. దానికి వాసన ఉండదు, మళ్లీ మరిగించినా పోదు. చేతికి గాయమున్న రోజు కుండ ఇంకొకరికి అప్పగించండి.

నిన్నటిది నేటి దాంట్లో కలపవద్దు. "దాని రోగం దీనికి అంటిద్ది" అంది పెద్దామె. మంచిగా పులిసిన పిండిలోంచి ఒక్క చెంచా తోడుకు తీసి పెట్టుకోవచ్చు, అంతే. మజ్జిగ కలిపిన అంబలి ఆ పూటకే. ఎండలో పెట్టకూడదు. పొలానికి పంపితే కుండకు తడిగుడ్డ చుట్టి చెట్టు నీడన ఉంచమనాలి.

కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో పులుపు ఉంచకూడదు. ఇంకో ముఖ్యమైన మాట. మిరప, పత్తి పండించే ఇళ్లలో ఖాళీ పురుగుమందు డబ్బాలు కడిగి నీళ్లకు, మజ్జిగకు వాడటం ఇంకా అక్కడక్కడా కనపడుతుంది. ఎన్నిసార్లు కడిగినా అవి పనికిరావు. కన్నం పొడిచి మళ్లీ వాడకుండా చేయండి.

షుగరు ఉన్నవారు అంబలి తాగితే షుగరు తగ్గిపోతుందని నమ్మి మాత్రలు మానవద్దు. పల్చటి జావ తొందరగా అరిగి రక్తంలో చక్కెరను పెంచవచ్చు. ఎంత తాగవచ్చో డాక్టరును అడగండి. బీపీ ఉన్నవారు ఉప్పు తగ్గించుకోండి. అంబలి తాగిన వారెవరికైనా వాంతులు, విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ నీళ్లు పట్టిస్తూ ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంతకీ ఎన్ని మార్కులు?

ఆ రోజు మా వాడు నా అంబలికి 50కి 38 వేశాడు. రూపులో ఒకటి, వాసనలో మూడు, రుచిలో ఐదు, నోటికి తగిలే తీరులో ఒకటి, చివర్లో రెండు కోశాడు. "ఉప్పు కొంచెం ఎక్కువైంది పిన్నీ, అడుగున రెండు ఉండలున్నాయి" అన్నాడు. ఉడుక్కున్నాను గానీ, తాగి చూస్తే వాడన్నది నిజమే! వాడి చేతే మర్నాడు పిండి కలిపించాను. ఉండల్లేకుండా కలపడం ఎంత కష్టమో వాడికీ తెలిసింది. ఎండాకాలం సెలవులకు వచ్చిన మా అమ్మాయి చేత రోజూ పొద్దున్నే కుండ మూత తీయించి, వాసన చూపించి, "మంచిదా, చెడ్డదా?" అని అడుగుతున్నాను. మొదట్లో విసుక్కునేది. ఇప్పుడు నాకంటే ముందే చెబుతోంది.

ఈ మార్చిలో మళ్లీ కోతలకు పెద్దామె వచ్చింది. చేలోకి నేనే కుండ తీసుకెళ్లాను, వేపచెట్టు నీడన దించాను. మొదటి ముంత ఆమెకే ఇచ్చి ఎదురుగా నిలబడ్డాను. పరీక్ష రాసిన పిల్లలా ఉందనుకోండి నా పరిస్థితి! ఆమె ముక్కు దగ్గర పెట్టుకుంది, ఒక్క గుక్క తాగింది, తల ఊపి చుట్టూ ఉన్నవాళ్లతో "తాగండే" అంది. తర్వాత ఖాళీ ముంత నా ముందుకు చాపి, "ఇంకాస్త పొయ్యమ్మా" అంది.

మా వాడి పట్టికలో ఆ మాటకు ఎన్ని మార్కులో నాకు తెలియదు. నాకు మాత్రం యాభైకి యాభై వచ్చినట్టే అనిపించింది. ఈ వేసవిలో మీరూ కుండ కడిగి మొదలుపెట్టండి. మొదటి గ్లాసు పోసే ముందు మాత్రం మూత తీసి, ఒక్క నిమిషం ముక్కుకు పని చెప్పండి. పక్కన మీ అమ్మాయినీ, అబ్బాయినీ నిలబెట్టుకోవడం మరిచిపోవద్దు సుమా!